పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి కెనడా పీఆర్: ఏ దారి పట్టాలో ఎలా తేల్చుకోవాలి

వారానికి ఒకళ్ళైనా ఫోన్ చేస్తారు, మాకు 440 మార్కులు వస్తున్నాయండీ, పీఆర్ వచ్చేస్తుందా అని. పీఆర్ అంటే కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి, దానికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతిలో వయసు, చదువు, ఇంగ్లీష్ చూసి మార్కులు వేస్తారు, డ్రా తీసినప్పుడల్లా కటాఫ్ దాటినవాళ్ళకి అప్లై చేయమని ఇన్విటేషన్ పంపుతారు. నేను స్కోర్ సంగతి తర్వాత అడుగుతాను, ముందు ఇంట్లో ఎంతమంది, ఎవరి పుట్టినతేదీ ఏంటి, పెళ్ళి కుదిరిన వాళ్ళున్నారా, ఎవరికైనా పెద్ద ట్రీట్‌మెంట్ నడుస్తోందా అని అడుగుతాను. మొన్న ఒకాయన ఏడాది నుంచి డ్రా కటాఫ్‌లు చూస్తున్నారు గానీ వాళ్ళ పెద్దమ్మాయికి 21 నిండిందన్న సంగతి లెక్కలోకే తీసుకోలేదు, నేను అడిగేసరికి అటువైపు కాసేపు మాట లేదు. అలాంటి ఇంకో ఇల్లు ఇబ్బంది పడకూడదనే ఇదంతా రాస్తున్నా.

ఒక్కళ్ళే వచ్చేవాళ్ళకి పీఆర్ అంటే మార్కులు, డ్రా, అంతే. ఇంటిల్లిపాదీ రావాలంటే మాత్రం దారిని తేల్చేది ఇంట్లో మనుషులు. అందుకని ముందు ఒక పేపర్ తీసుకుని అందరి పేర్లు, పాస్‌పోర్టులో ఉన్న పుట్టినతేదీలు రాయండి, వచ్చేవాళ్ళవీ రానివాళ్ళవీ అందరివీ, మొదటి పెళ్ళి పిల్లలుంటే వాళ్ళవి కూడా.

ఎవరు డిపెండెంట్, ఎవరు కాదు

మన దగ్గర ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఫారంలో అమ్మానాన్నల్ని డిపెండెంట్స్ అని రాస్తాం కదా, ఆ అలవాటుతోనే చాలామంది కెనడా అప్లికేషన్‌లో కూడా అమ్మని కలిపేయొచ్చు అనుకుంటారు. కుదరదు. కెనడా లెక్కలో మీతో పాటు పీఆర్ ఇచ్చేది భార్య లేదా భర్తకి, పెళ్ళి కాకుండా కలిసి ఉంటున్న పార్ట్‌నర్‌కి, 22 నిండని పెళ్ళికాని పిల్లలకి, ఆ పిల్లలకే పిల్లలుంటే వాళ్ళకి. అంతే. అమ్మ ఒక్కతే ఉంటుంది, నాన్న పోయారు, నా జీతం మీదే బతుకుతుంది అన్నా సరే ఆవిడ మీ అప్లికేషన్‌లో డిపెండెంట్ కాదు. తమ్ముడూ చెల్లీ కూడా అంతే. పెద్దవాళ్ళకి వేరే దారి ఉంది, చివర్లో చెప్తా.

పిల్లల వయసు విషయంలో 2017 అక్టోబర్ 24 ముందు 19 లోపు అనే రూల్ ఉండేది, ఆ రోజు నుంచి 22 లోపు చేశారు, అంటే 21 దాకా ఓకే, 22వ పుట్టినరోజు వచ్చిందంటే కాదు. శారీరకంగానో మానసికంగానో ఉన్న సమస్య వల్ల 22కి ముందు నుంచీ మీ మీదే ఆధారపడి ఉన్న బిడ్డకి మాత్రం ఈ వయసు లిమిట్ లేదు, అలాంటి బిడ్డ ఉన్నవాళ్ళు ఆశ వదులుకోకండి, డాక్టర్ పేపర్లు చిన్నప్పటి నుంచీ ఉన్నవి అన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకోండి.

ఇక అసలు మెలిక, ఆ వయసుని ఏ రోజున చూస్తారు అనేది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ పెట్టిన రోజు కాదు, ఇన్విటేషన్ వచ్చిన రోజు కూడా కాదు, అన్ని కాగితాలతో పూర్తి పీఆర్ అప్లికేషన్ సబ్మిట్ చేసి అది వాళ్ళకి అందిన రోజు. అందులో ఒక డాక్యుమెంట్ తక్కువైంది అని ఇన్‌కంప్లీట్ కింద వెనక్కి పంపితే ఆ తేదీ కూడా పోయినట్టే. ఇన్విటేషన్ వచ్చాక 60 రోజులు టైం ఇస్తారు, మామూలు వాళ్ళు 60 రోజులు వాడుకున్నా పర్లేదు, 21 దాటిన బిడ్డ ఉన్న ఇల్లు మాత్రం పోలీస్ సర్టిఫికెట్, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, బ్యాంక్ లెటర్ అన్నీ ఇన్విటేషన్‌కి ముందే రెడీగా పెట్టుకుని వారంలో కొట్టేయాలి. ఇంకో సంగతి, లాక్ అయ్యేది వయసు ఒక్కటే. పెళ్ళి లాక్ అవ్వదు. అప్లికేషన్ వేశాం కదా అని మంచి సంబంధం వచ్చిందని అమ్మాయికి మధ్యలో పెళ్ళి చేసేస్తే ఆ అమ్మాయి ఇక మీ డిపెండెంట్ కాదు, అది రిజిస్టర్ చేసినా చేయకపోయినా, గుళ్ళో దండలు మార్చుకున్నా పెళ్ళి పెళ్ళే, దాచిపెడదాం అనుకోకండి.

మన పిల్లలు ఇంటర్ అయ్యి బీటెక్ ముగించేసరికి 21, 22 వచ్చేస్తాయి, అప్పటికి అమ్మానాన్నలకి 46, 48 ఉంటాయి. డిగ్రీ అయ్యాక అందరం కలిసి వెళ్దాం అనుకుంటే రెండు వైపులా దెబ్బ తగులుతుంది, బిడ్డ వయసు దాటుతుంది, మీ వయసుకి మార్కులు 45తో సున్నా అవుతాయి. పెద్దబిడ్డకి 18 దాటిన ఇల్లయితే ఇవాళే వెనక్కి లెక్కెయ్యండి, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీష్ పరీక్షకి మూడు నెలలు, డిగ్రీ అసెస్‌మెంట్‌కి యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్స్ కదిలి వచ్చేసరికి ఇంకో మూడు నాలుగు నెలలు, ప్రావిన్స్ (కెనడాలో రాష్ట్రం) ఇచ్చే నామినేషన్ అయితే ఇంకొన్ని నెలలు, ఇన్విటేషన్ కోసం పూల్‌లో ఎన్నాళ్ళు కూర్చోవాలో ఎవరూ చెప్పలేరు.

ఇద్దరి స్కోర్లూ వేయండి, అటూ ఇటూ

మేం మియాపూర్‌లో ఉన్నప్పుడు మా ఆయన పేరు మీదే అప్లై చేయాలని ఎవరూ ఆలోచించకుండానే డిసైడ్ అయిపోయింది, ఎంటెక్ ఆయనది, పదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఆయనది, జీతం ఎక్కువ ఆయనది. ఒకరోజు రాత్రి పిల్లలు పడుకున్నాక మా చిన్నోడి రూళ్ళ నోట్‌బుక్‌లో పేజీ చింపి మధ్యలో గీత గీసి ఒకవైపు ఆయన, ఒకవైపు నేను అని రాసుకుంటూ వచ్చాం. ఆ లెక్క ఇక్కడ పెడుతున్నా, ఎందుకంటే ఇది ఒక్కటి సరిగ్గా వేసుకుంటే చాలా ఇళ్ళకి దారి మారిపోతుంది.

ఆయనకి అప్పుడు 36, మాస్టర్స్, ఇంగ్లీష్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ సీఎల్‌బీ (కెనడా వాళ్ళ భాషా లెవెల్) 8. నాకు 31, బీటెక్, చిన్నోడు పుట్టాక రెండేళ్ళు ఉద్యోగం మానేసి మళ్ళీ చేరాను, మొత్తం కలిపితే నాలుగేళ్ళ ఎక్స్‌పీరియన్స్, ఇంగ్లీష్‌లో సీఎల్‌బీ 9. ఆయన మెయిన్ అప్లికెంట్ అయితే వయసుకి 65, చదువుకి 126, ఇంగ్లీష్‌కి 88, భార్యగా నా చదువుకి 8, నా ఇంగ్లీష్‌కి 20, ఇంక స్కిల్ ట్రాన్స్‌ఫరబిలిటీ అని చదువు, అనుభవం, ఇంగ్లీష్ కలిపి ఇచ్చేవి 50, మొత్తం 357. నేను మెయిన్ అయితే వయసుకి 90, చదువుకి 112, ఇంగ్లీష్‌కి 116, ఆయన చదువుకి 10, ఆయన ఇంగ్లీష్‌కి 12, ట్రాన్స్‌ఫరబిలిటీ 75, మొత్తం 415. యాభై ఎనిమిది మార్కులు తేడా. ఇద్దరం కాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చున్నాం, ఎక్కడో కూడిక తప్పిందని మళ్ళీ వేశాం, తప్పలేదు. సీఎల్‌బీ 9 అంటే ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ 8, మిగతా మూడూ 7, ఆ గీత దాటగానే ట్రాన్స్‌ఫరబిలిటీ మార్కులు రెట్టింపవుతాయి, అదే కారణం.

పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళు నాకెక్కడ వస్తుంది అని ముందే పక్కకి తప్పుకుంటారు. తప్పుకోకండి. గత పదేళ్ళలో ఎక్కడైనా స్కిల్డ్ ఉద్యోగం ఏడాది పాటు ఆపకుండా చేసి ఉంటే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఉండే ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అనే దారికి పనికొస్తుంది, గ్యాప్ ఉన్నా సరే. ఇద్దరూ చెరో ప్రొఫైల్ పెట్టుకోవచ్చు కూడా, ఒకరి దాంట్లో ఒకరు భార్యగా భర్తగా ఉండి, దేనికి ముందు ఇన్విటేషన్ వస్తే దానితో వెళ్ళొచ్చు.

ఇక కన్సల్టెంట్లు చెప్పే ఒక సలహా ఉంటుంది, భర్త రావట్లేదు అని నాన్ అకంపనీయింగ్ పెట్టండి, సింగిల్ కింద లెక్కేస్తారు, మార్కులు పెరుగుతాయి అని. నా లెక్కలోనే చూడండి, సింగిల్‌గా వేస్తే 418, ఆయన్ని కలిపితే 415. మూడు మార్కులు! ఆయన ఐఈఎల్‌టీఎస్ రాయకుండా, డిగ్రీ అసెస్‌మెంట్ చేయించకుండా ఉంటే 393 అయ్యేది, అంటే అబద్ధం చెప్పి తెచ్చుకునే మార్కులు నిజంగా పరీక్ష రాస్తే దాదాపు వచ్చేస్తాయి. అందుకని భార్యాభర్తలిద్దరూ పరీక్ష రాయండి. నిజంగానే ఒకరు రాలేకపోతే, టీచర్ ఉద్యోగం ఉంది, రిటైర్మెంట్‌కి నాలుగేళ్ళుంది, లేదా ఇంట్లో మంచాన పడ్డ అత్తగారున్నారు, అప్పుడు నాన్ అకంపనీయింగ్ పెట్టడం తప్పు కాదు, తర్వాత స్పాన్సర్ చేసుకోవచ్చు. కానీ ఇద్దరూ ఒకే ఇంట్లో కెనడాలోనే ఉంటూ రావట్లేదు అని రాస్తే ఆఫీసర్ నుంచి సంజాయిషీ లెటర్ వస్తుంది, మిస్‌రిప్రజెంటేషన్ అని తేలితే 5 ఏళ్ళు మొత్తం దారి మూసేస్తారు.

ఏ దారి ఎవరికి

415కి మామూలు డ్రాలో ఇన్విటేషన్ రాదు, కెనడాలో ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ళకే 2025లో 500 పైన కటాఫ్‌లు నడిచాయి. 2025 మార్చి 25 నుంచి జాబ్ ఆఫర్‌కి ఇచ్చే మార్కులు కూడా తీసేశారు, కాబట్టి ఎవరైనా ఎల్‌ఎంఐఏ (బయటి దేశం మనిషిని పెట్టుకోవడానికి కంపెనీ తెచ్చుకునే అనుమతి) కొనిపెడతాం, స్కోర్ పెరుగుతుంది, ఇన్ని లక్షలు ఇవ్వండి అంటే నమ్మకండి, ఆ మార్కులే లేవు ఇప్పుడు. కన్సల్టెంట్‌ని పెట్టుకుంటే కెనడాలోని కాలేజ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ రిజిస్టర్‌లో ఆ మనిషి పేరు ఉందో లేదో చూసుకోండి, ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు.

అప్పుడు మిగిలేవి, ఒకటి ఫ్రెంచ్. ఇది కష్టం, నేను తేలిగ్గా చెప్పను, ఉద్యోగం పిల్లలు చూసుకుంటూ నాలుగు విభాగాల్లోనూ లెవెల్ 7 రావాలంటే ఏడాది పైనే రోజూ కూర్చోవాలి, హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో క్లాసులున్నాయి. కానీ వస్తే నా 415కి రెండో భాషగా 12, బోనస్ 50 కలిసి 477 అవుతుంది, పైగా ఫ్రెంచ్ వాళ్ళకి వేరే డ్రాలు ఉంటాయి, 2025 మార్చిలో అలాంటి ఒక డ్రా కటాఫ్ 379. పిల్లలు చిన్నవాళ్ళు, వయసు ముప్పైల మొదట్లో ఉంది, టైం ఉంది అనేవాళ్ళకి ఇది మంచి దారి. పెద్దబిడ్డకి 20 ఉంటే ఇది మీది కాదు, ఏడాది ఆగే టైం మీకు లేదు.

రెండోది ప్రావిన్స్ నామినేషన్. నామినేషన్ వస్తే 600 మార్కులు కలుస్తాయి, ఇక డ్రా సంగతి చూసుకోనక్కర్లేదు. ఫ్యామిలీ ఉన్నవాళ్ళకి నాకు ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే మీ చుట్టాలు ఇక్కడ పనికొస్తారు. మానిటోబాలో బయటి దేశం నుంచి అప్లై చేసేవాళ్ళకి ఆ ప్రావిన్స్‌తో ఏదో ఒక కనెక్షన్ చూపించాలి, దగ్గరి చుట్టమో ఫ్రెండో అక్కడ ఉండి సపోర్ట్ ఇస్తే అది కనెక్షన్. మాకు మా అన్నయ్య విన్నిపెగ్‌లో ఉన్నాడు, మేం అలాగే వచ్చాం. అన్నయ్య ఉండటం వల్ల ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో కూడా 15 మార్కులు కలిశాయి, 18 దాటిన అన్నో తమ్ముడో అక్కో చెల్లో కెనడాలో ఉంటూ పీఆర్ గానీ సిటిజన్ గానీ అయ్యుంటే చాలు, మీ ఆయన తరఫు వాళ్ళయినా లెక్కే. చాలామంది ఈ గడి ఖాళీగా వదిలేస్తారు, ఆడపడుచు టొరంటోలో ఉందని గుర్తే రాదు. అయితే నామినేట్ చేసిన ప్రావిన్స్‌లోనే స్థిరపడే ఉద్దేశం నిజంగా ఉండాలి, మైనస్ 30 చలిలో పిల్లలకి స్నోసూట్ తొడిగి బస్సెక్కించడం ఇంటిల్లిపాదికీ ఓకేనా అని ముందే మాట్లాడుకోండి, వచ్చాక కాదు. ఇంకోటి, 2025లో ప్రావిన్సులకి ఇచ్చిన కోటా దాదాపు సగానికి తగ్గించి 55,000 చేశారు, ఏ ప్రావిన్స్ ఏ స్ట్రీమ్ మూసిందో తెరిచిందో అప్లై చేసే వారంలో ఆ ప్రావిన్స్ సైట్‌లోనే చూసుకోవాలి.

మూడోది అట్లాంటిక్ వైపు, నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, న్యూఫౌండ్లాండ్. అక్కడ గుర్తింపు ఉన్న కంపెనీ నుంచి జాబ్ ఆఫర్ కావాలి, ఎల్‌ఎంఐఏ అక్కర్లేదు, ఉద్యోగాన్ని బట్టి సీఎల్‌బీ 4 లేదా 5 చాలు. మార్కుల పోటీ లేదు కాబట్టి వయసుకి సున్నా వచ్చేవాళ్ళకి ఇది ఊపిరి పీల్చుకునే చోటు. 44, 46 ఏళ్ళ అమ్మానాన్నలు, ఇంటర్ చదివే పిల్లలు, చేతిలో నర్సింగో వంటో వెల్డింగో పని ఉన్న ఇల్లు అయితే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వెనక రెండేళ్ళు పోగొట్టుకోకుండా ముందు ఇటు చూడండి. పీఆర్ అప్లికేషన్‌కి ముందు మెయిన్ అప్లికెంట్‌కీ, వచ్చే 18 దాటిన ప్రతి ఒక్కరికీ సెటిల్మెంట్ ప్లాన్ అనే కాగితం తీసుకోవాలి, ఇది ఉచితం. క్యూబెక్ వేరే లోకం, ఫ్రెంచ్ లేకపోతే వదిలేయండి.

ఇక స్టూడెంట్ దారి, మనవాళ్ళకి బాగా అలవాటైంది, భార్య ఏడాది డిప్లొమాలో చేరుతుంది, భర్త ఏ కంపెనీలోనైనా పనిచేసుకునే ఓపెన్ వర్క్ పర్మిట్ మీద వస్తాడు, పిల్లలు గవర్నమెంట్ స్కూల్లో, తర్వాత పీఆర్. ఆ దారి 2025 జనవరి 21తో మూసుకుపోయింది అనే అనుకోండి. ఇప్పుడు 16 నెలలు ఆపైన ఉండే మాస్టర్స్, డాక్టరేట్, ఇంకా కొన్ని ప్రొఫెషనల్ కోర్సులు చదివేవాళ్ళ భర్త లేదా భార్యకే ఆ పర్మిట్. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో కూడా పెద్ద పిల్లలకి ఇచ్చే ఆ ఫ్యామిలీ వర్క్ పర్మిట్ తీసేశారు. కాబట్టి డిప్లొమాకి ఫీజు కట్టేముందు రెండో మనిషికి పర్మిట్ వస్తుందా రాదా చూసుకోండి, ఇద్దరు పిల్లలతో ఒక్క పార్ట్ టైం జీతం మీద బతకడం ఎంత కష్టమో నేను చుట్టూ చూస్తున్నా. చదువుకున్నన్నాళ్ళూ వయసు మార్కులు తగ్గుతూనే ఉంటాయి కూడా. ఇంకొక తేడా ఎవరూ చెప్పరు, కెనడా చైల్డ్ బెనిఫిట్ అని పిల్లలకి ప్రతినెలా ఇచ్చే డబ్బు పీఆర్‌తో దిగినవాళ్ళు రాగానే అప్లై చేసుకోవచ్చు, పర్మిట్ మీద వచ్చినవాళ్ళు 18 నెలలు ఇక్కడ ఉన్నాకే. ఆరేళ్ళలోపు బిడ్డకి 2025-26లో ఏడాదికి గరిష్ఠంగా 7,997 డాలర్లు, కొత్తగా వచ్చిన ఇంటికి అది చిన్న డబ్బు కాదు.

ఎవరినీ దాచకండి

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. భార్య, భర్త, పిల్లలు, మీతో వస్తున్నా రాకపోయినా, విడాకులయ్యి బిడ్డ అవతలి మనిషి దగ్గర పెరుగుతున్నా, అందరి పేర్లూ అప్లికేషన్‌లో రాయాలి, అందరికీ మెడికల్ చేయించాలి. రాయకుండా మీరు పీఆర్ తీసుకుంటే ఆ మనిషిని తర్వాత ఫ్యామిలీ కింద స్పాన్సర్ చేయలేరు. 117(9)(డి) అని ఆ రూల్. 2019 సెప్టెంబర్ నుంచి కొందరికి పైలట్ ప్రోగ్రాం కింద కొంత సడలింపు ఇచ్చారు, దాన్ని నమ్ముకుని ఎవరినీ వదిలేయకండి.

మన ఇళ్ళల్లో ఇది ఎక్కడ తగులుతుందంటే, అబ్బాయి సింగిల్‌గా అప్లై చేస్తాడు, పీఆర్ ప్రాసెస్‌లో ఉందని తెలియగానే సంబంధాలు వస్తాయి, శ్రావణంలో ముహూర్తం పెట్టేస్తారు, పెళ్ళయ్యాక పీఆర్ పేపర్ వస్తుంది, భార్య సంగతి తర్వాత చూద్దాంలే అని అబ్బాయి ఒక్కడే దిగేస్తాడు. అంతే, ఆ అమ్మాయి ఇరుక్కుపోతుంది. మాకు తెలిసిన ఒకింట్లో ఇలాగే జరిగింది, పెళ్ళై ఏడాదిన్నర, ఆ అమ్మాయి పుట్టింట్లోనే ఉంది, ఆ వీడియో కాల్స్ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చేయాల్సింది చాలా చిన్న పని, పెళ్ళి కాగానే కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ (ఐఆర్‌సీసీ) వెబ్‌ఫారంలో చెప్పాలి, అమ్మాయి ఫారాలు, మెడికల్, పోలీస్ సర్టిఫికెట్ పెట్టాలి, కొన్ని నెలలు లేటవుతుంది, అవ్వనివ్వండి. లేదంటే ముందు దిగి, తర్వాత పెళ్ళి చేసుకుని స్పాన్సర్ చేయండి, అదీ పద్ధతే, భార్యని స్పాన్సర్ చేయడానికి మామూలుగా ఆదాయం లిమిట్ కూడా ఉండదు, కాకపోతే పీఆర్ మీద ఉన్నవాళ్ళు కెనడాలో ఉంటేనే చేయగలరు. ఇన్విటేషన్ వచ్చాక, అప్లికేషన్ కొట్టే లోపు పెళ్ళయితే మాత్రం జాగ్రత్త, స్కోర్ మారుతుంది, కటాఫ్ కిందకి పడిపోతే ఆ ఇన్విటేషన్‌తో వేయకూడదు.

ప్రాసెస్‌లో ఉండగా బిడ్డ పుట్టినా అదే, వెంటనే చెప్పాలి, పాస్‌పోర్ట్, బర్త్ సర్టిఫికెట్, మెడికల్. పీఆర్ కన్ఫర్మేషన్ చేతిలోకి వచ్చేసినా సరే, దిగకముందు పుడితే దిగకముందే చెప్పాలి.

ఇక ఆరోగ్యం. ఒక బిడ్డకి సమస్య ఉంటే మాకెవరికీ రాదేమో అని భయపడి అసలు అప్లైయే చేయని ఇళ్ళున్నాయి. పైన చెప్పిన మార్కుల, ఉద్యోగాల దారుల్లో (ఎకనామిక్ అంటారు) ఇంట్లో ఒకరి ఆరోగ్యం మీద రిజెక్ట్ అయితే అందరికీ రిజెక్ట్ అవుతుంది, అది నిజమే. కానీ వైద్యానికి కెనడా మీద పడే ఖర్చు ఇంత దాటితే రిజెక్ట్ అనే లిమిట్‌ని 2018లో మూడింతలు చేశారు, 2025లో ఏడాదికి 27,162 డాలర్లు, స్పెషల్ ఎడ్యుకేషన్ ఖర్చు, పునరావాస, పర్సనల్ సపోర్ట్ సర్వీసుల ఖర్చు లెక్కలోంచి తీసేశారు. ఆటిజం ఉన్న బిడ్డ స్కూల్లో హెల్పర్ కావాల్సి వస్తే అది ఇప్పుడు కారణం కాదు. షుగర్, థైరాయిడ్ మామూలు మందుల్తో కంట్రోల్‌లో ఉంటే దానికి కంగారు పడక్కర్లేదు. డయాలిసిస్ లాంటివైతే ఖర్చు లెక్క వేయించుకుని లాయర్‌తో మాట్లాడి ముందుకెళ్ళండి. మెడికల్‌లో ఏదీ దాచకండి.

కాగితాలు, డబ్బులు

మన తెలుగువాళ్ళ పేపర్లలో మొదటి తలనొప్పి పేర్లు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు ఒక అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో పెళ్ళయ్యాక మారిన పేరు, పిల్లాడి బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మ పేరు ముద్దుపేరు. మా పెద్దదాని బర్త్ సర్టిఫికెట్ తీసి చూస్తే పేరు గడి ఖాళీ, పేరు పెట్టకముందే హాస్పిటల్ వాళ్ళు రిజిస్టర్ చేసి పంపారు, స్కూల్ అడ్మిషన్‌కి అదే చెల్లిపోయింది, ఎనిమిదేళ్ళు ఎవరూ గమనించలేదు. పుట్టిన 15 ఏళ్ళలోపు అయితే పేరు చేర్పించుకోవచ్చు, ఏడాది దాటితే లేట్ ఫీజు ఉంటుంది. మీసేవకి వెళ్ళి, మున్సిపల్ ఆఫీసుకి మూడుసార్లు తిరిగి చేయించాం. ఇన్విటేషన్ వచ్చాక తెలిసుంటే ఆ 60 రోజుల్లో ఎంత ఏడ్చేదాన్నో. కాబట్టి పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, మీ మ్యారేజ్ సర్టిఫికెట్ ఇవాళే బీరువాలోంచి తీసి పాస్‌పోర్ట్‌తో పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. గుళ్ళో పెళ్ళయ్యి రిజిస్టర్ చేయించని వాళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోండి. పేరు తేడాలకి నోటరీ అఫిడవిట్ పెట్టి, ఎందుకు తేడా వచ్చిందో ఒక లెటర్‌లో మామూలు మాటల్లో రాయండి. సింగిల్ పేరెంట్ అయితే అవతలి మనిషి ఒప్పుకుంటూ సంతకం పెట్టిన డిక్లరేషన్, కోర్టు కస్టడీ ఆర్డర్ కాపీ ముందే సంపాదించాలి.

డబ్బుల విషయంలో ఫెడరల్ స్కిల్డ్ వర్కర్‌కి 2025 జులైలో పెట్టిన లెక్క ప్రకారం ఒక్కరికి 15,263, ఇద్దరికి 19,001, ముగ్గురికి 23,360, నలుగురికి 28,362 డాలర్లు చూపించాలి, ఇవి ఏటా మారుతుంటాయి. భార్యాపిల్లలు రాకపోయినా వాళ్ళని కూడా లెక్కలో వేసుకునే చూపించాలి, ఇక్కడే చాలామంది తక్కువ చూపించి రిజెక్ట్ అవుతారు. ఆరునెలల బ్యాలెన్స్ చూస్తారు కాబట్టి మావయ్య దగ్గర ఒక్కరోజు చేబదులు తెచ్చి అకౌంట్‌లో వేయడం కుదరదు, అప్పు డబ్బు పనికిరాదు. పొలం, ఫ్లాటు విలువ కూడా పనికిరాదు, అమ్మి అకౌంట్‌లోకి తెచ్చి అమ్మిన కాగితం పెడితేనే. ఫీజులు 2024 ఏప్రిల్ 30 రేట్ల ప్రకారం పెద్దవాళ్ళకి తలా 1,525, పిల్లలకి తలా 260, నలుగురున్న ఇంటికి 3,570 డాలర్లు అయ్యేవి, వేలిముద్రల (బయోమెట్రిక్స్) ఫీజు కాకుండా. రెండేళ్ళకోసారి పెంచుతారు, కట్టేరోజు రేటు చూసుకోండి.

అమ్మానాన్నల సంగతి

పేరెంట్స్‌ని పీఆర్ కింద స్పాన్సర్ చేసే ప్రోగ్రాం ఉంది గానీ దాని మీద ఇంటి ప్లాన్ కట్టకండి. 2020లో ఇంట్రెస్ట్ ఫారం వేసినవాళ్ళ లిస్టులోంచే 2025 దాకా పిలుస్తూ వచ్చారు, తర్వాత వచ్చినవాళ్ళకి పేరు వేసుకునే అవకాశమే రాలేదు. పిలిచినా మూడేళ్ళ ఆదాయం చూపించాలి, 20 ఏళ్ళు మీదే బాధ్యత అని సంతకం పెట్టాలి.

చేతికందేది సూపర్ వీసా, అంటే అమ్మానాన్నలు ఎక్కువకాలం వచ్చి ఉండటానికి ఇచ్చే విజిటర్ వీసా. మీరు పీఆర్ అయిన దగ్గర్నుంచి అప్లై చేయొచ్చు, 2022 జులై నుంచి ఒకసారి దిగితే 5 ఏళ్ళ దాకా ఉండొచ్చు. మీ ఇంటి సైజుకి తగ్గ ఆదాయం, కనీసం 1,00,000 డాలర్ల కవరేజ్‌తో ఏడాది హెల్త్ ఇన్సూరెన్స్, మెడికల్ కావాలి. ఆదాయం లెక్కలో ఇంటి మనుషుల్లో వచ్చే అమ్మానాన్నలు కూడా కలుస్తారు, అందుకని ఒక్క జీతం మీద ఇద్దరు పిల్లలున్న ఇంటికి దిగిన మొదటి ఏడాది ఇది కుదరకపోవచ్చు, ఇద్దరి జీతాలూ కలుపుకోవచ్చు. ఈ వీసా మీద వాళ్ళకి ప్రావిన్స్ హెల్త్ కార్డు రాదు, ఇన్సూరెన్స్ ఏటా రెన్యువల్ చేస్తూ ఉండాలి, బీపీ షుగర్ ఉన్న 70 ఏళ్ళ మనిషికి ఆ ప్రీమియం గట్టిగానే ఉంటుంది, ముందునుంచీ ఉన్న జబ్బులు కవర్ అవుతాయా అన్న ఒక్క లైన్ పాలసీలో వెతికి చదవండి. మీరు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్నవాళ్ళయితే పెద్దవాళ్ళని ఎవరు ఎప్పుడు చూసుకుంటారు అన్నది టికెట్ బుక్ చేయకముందే కూర్చుని మాట్లాడుకోండి. మేం మాట్లాడుకోలేదు, మామగారికి ఆపరేషన్ అయినప్పుడు మా ఆయన విన్నిపెగ్‌లో మంచులో, ఆడపడుచు ఒక్కతే గుంటూరులో హాస్పిటల్ చుట్టూ, ఆ నెల రోజులు ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు.

అత్తగారిని తీసుకొచ్చినప్పుడు నేర్చుకున్నది ఒకటి, వీసా స్టిక్కర్ మీద ఉండే తేదీ వేరు, ఇక్కడ ఎన్నాళ్ళు ఉండొచ్చు అన్నది వేరు. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ అడిగినప్పుడు ఆవిడకి ఇంగ్లీష్ రాదు కాబట్టి కంగారులో మామూలు విజిటర్ అనుకుని తక్కువ రోజులు రాసే అవకాశం ఉంది. అందుకని ఒక కాగితం మీద సూపర్ వీసా మీద వచ్చాను, కొడుకు ఇంటికి, ఇన్సూరెన్స్ ఇదిగో అని ఇంగ్లీష్‌లో పెద్దక్షరాలతో రాసి, మా ఫోన్ నంబర్ కింద వేసి, ఇన్సూరెన్స్ కాపీతో కలిపి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో పాస్‌పోర్ట్ పక్కనే పెట్టాం. బయటికి రాగానే ముందు పాస్‌పోర్ట్ తెరిచి ఆఫీసర్ ఏ తేదీ రాశాడో చూసి, ఫోటో తీసి, ఆ తేదీకి మూడు నెలల ముందుకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాం.